సముద్రం ఎక్కడికి పోతది? నీల్ దీవి: అపోహలు - వాస్తవాలు

అండమాన్ టూర్ కోసం ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది, "నీల్‌లో మీరుండే రోజు తిథి ఏంటి?" అని. ముహూర్తం చూస్తున్నాననుకుంటారు. మిర్యాలగూడ నుంచి ఒక మేడమ్ అయితే, "మాకట్లాంటి పట్టింపులు లేవు సార్, టికెట్లు వేసేయండి" అన్నారు. పట్టింపు నాది కాదు మేడమ్, సముద్రానిది.

నల్లగొండలో నాది చిన్న ఆఫీసు. మొదట్లో సాగర్ లాంచీకి, సోమశిలకి బస్సులు వేసేవాణ్ణి. ఇప్పుడు ఏడాదికి నాలుగైదు బ్యాచ్‌లను అండమాన్ తీసుకెళ్తున్నా. మా వాళ్ళు నీల్‌లో పోగొట్టుకునే డబ్బులో ఎక్కువ భాగం ఒక్క అపోహ వల్లే పోతుంది. సముద్రం ఎప్పుడెళ్ళినా అక్కడే ఉంటుందనుకోవడం!

మన తప్పు కూడా కాదు. మనం చూసిన పెద్ద నీళ్ళు సాగర్ నీళ్ళే. వరదొస్తే పెరుగుతాయి, గేట్లెత్తితే తగ్గుతాయి. పొద్దున చూసిన ఒడ్డే సాయంత్రమూ ఉంటుంది. ఆటుపోట్ల గురించి బళ్ళో చదివాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం.

రెండేళ్ళ కింద దేవరకొండ వైపు నుంచి పద్దెనిమిది మందితో వెళ్ళాం. సరిగ్గా పున్నమి. భరత్‌పూర్ బీచ్‌లో గ్లాస్ బోట్‌కి (అడుగున అద్దముండే పడవ), స్నార్కెలింగ్‌కి (నోట్లో గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి అడుగు చూడటం) ముందే డబ్బు కట్టేశారు. పొద్దున తొమ్మిదిన్నరకే రమ్మన్నాను. "సముద్రమేమన్న పారిపోతదా అన్నా? తిని ఇంత కునుకు తీసి పోదాం" అన్నాడొకాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడ నేను గట్టిగా పట్టుబట్టాల్సింది.

మూడింటికి వెళ్ళేసరికి నిజంగానే పారిపోయింది. పొద్దున పడవలు తేలిన చోట బురద ఇసుక, నల్లటి పగడపు దిబ్బలు. ఒక పడవ పక్కకి ఒరిగి పడుకుంది. నీళ్ళెక్కడో దూరంగా తెల్లటి గీతలా ఉన్నాయి. బోటతను చెయ్యి తిప్పి చూపించాడు, అంతే. డబ్బు వాపసు లేదు. ఒక కుర్రాడు నీళ్ళ దాకా నడిచొస్తానని చెప్పులు విప్పి బయల్దేరాడు. ఇరవై అడుగులు వేశాడో లేదో, పగడం అంచుకి అరికాలు కోసుకుంది. పగడం గాయం త్వరగా మానదు, మిగతా టూరంతా కుంటుతూనే ఉన్నాడు. పైగా అతను తొక్కింది రాయి కాదు, ప్రాణమున్న జీవి.

తర్వాతి రోజు పొద్దున పదింటికి లక్ష్మణ్‌పూర్-2 బీచ్ దగ్గరి సహజ రాతి వంతెనకి పోదామన్నారు. అక్కడి బెంగాలీవాళ్ళు దాన్ని హౌరా బ్రిడ్జ్ అంటారు. అప్పుడు పోటు మీదుంది సముద్రం. రాళ్ళ దారి నీళ్ళలో మునిగిపోయింది. మొదటి రోజు పొద్దున బోటు, మూడింటికి వంతెన చూసి ఉంటే రెండూ దక్కేవి. అటూ ఇటూ చేసి రెండూ పోగొట్టుకున్నాం.

లెక్క కష్టమేం కాదు. నీళ్ళు పైకొస్తే పోటు, వెనక్కి పోతే పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ రోజు ఉన్న టైముకి రేపు సుమారు 50 నిమిషాలు కలపాలి. అక్కడ పున్నమి, అమావాస్యలకి పొద్దున తొమ్మిది, పది మధ్య పోటు, మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య పాటు. నీటి మట్టంలో తేడా దాదాపు రెండు మీటర్లు, మనిషిని ముంచేంత. అష్టమికి ఇది తిరగబడి పొద్దున పాటు, సాయంత్రం పోటు వస్తుంది, తేడా కూడా తక్కువే. అందుకే గోడ క్యాలెండర్‌లో తిథి చూడమనేది. ప్లాన్ వేసుకోవడానికి ఇది చాలు, కచ్చితమైన టైము మాత్రం ముందురోజు రాత్రి హోటల్లోనో బోటువాళ్ళనో అడగండి. బోటుకీ స్నార్కెలింగ్‌కీ పోటు, వంతెనకి పాటు. పాటులో రాళ్ళ గుంటల దగ్గర కూర్చుంటే పీతలు, చిన్న చేపలు, కాలిపోయిన వంకాయలా కదలకుండా పడుండే సముద్ర దోసకాయ అనే జీవి కనిపిస్తాయి. నాకు బోటు కంటే అదే ఇష్టం. ఆ దారి పాచిపట్టి జారుతుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆశపడొద్దు. ఫ్లోరైడ్ ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళని నేను అక్కడికి తీసుకెళ్ళను, గ్లాస్ బోట్ ఎక్కిస్తాను.

టైము మీద ఇంకో మాట. మన పాలమూరు 78 డిగ్రీల రేఖాంశం దగ్గరుంటే నీల్ 93 దగ్గరుంది. గడియారం ఒకటే, సూర్యుడు గంట ముందు. చలికాలంలో ఐదింటికల్లా పొద్దు గూకుతుంది. ఆరింటికి సన్‌సెట్ ఫొటోలంటే చీకట్లో టార్చి వేసుకోవాలి.

ఈత రాకపోతే ఏమీ చేయలేమంటారు. లైఫ్ జాకెట్ ఉంటుంది, గైడ్ చెయ్యి వదలడు. గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుక్కి దిగే స్కూబాకీ మొదటిసారి ఈత అక్కర్లేదు. ఆస్తమా, గుండె జబ్బు మాత్రం దాచొద్దు, ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. స్కూబా చేశాక 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు, దాన్ని చివరి రోజుకి పెట్టకండి.

పాస్‌పోర్టు అక్కర్లేదు, మన దేశమే. ఆధార్ చాలు. నీల్‌లో ఆదివాసులు బాణాలేస్తారన్నది వాట్సాప్ కబురు. ఆ ఆదివాసులుండే నార్త్ సెంటినెల్ వేరే దీవి, అటు ఎవరినీ పోనివ్వరు. నీల్‌లో ఉండేది కూరగాయలు పండించే బెంగాలీ రైతులు. 2018లో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు, టికెట్ మీద ఆ పేరు చూసి కంగారుపడకండి. మనం విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీవిజయపురం.

బడి సెలవులని మే చివర్లో అడుగుతారు. మనకి రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. అక్కడ అప్పటికే వాన, రుతుపవనాలు మన దేశంలో ముందు దిగేది అండమాన్‌లోనే. అలలు లేస్తే ఫెర్రీ ఆపేస్తారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్యలో రండి, ఎప్పుడొచ్చినా విమానానికి ముందు రాత్రి శ్రీవిజయపురంలోనే ఉండండి.

ఇక గవ్వలు, పగడాలు. "ఒడ్డున పడున్నదేగా" అంటారు. చచ్చిన పగడం ముక్క అయినా వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. పోయినసారి ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర మా బ్యాచ్‌లో ఒక ముసలమ్మ సంచి ఆపారు. పచ్చళ్ళ డబ్బాలో, చీర ముక్కలో చుట్టిన పగడపు కొమ్మ. మనవరాలికట. ఆమె చేతులు వణుకుతుంటే ఆఫీసర్ "కూర్చోండమ్మా" అని కుర్చీ చూపించి, కొమ్మ తీసుకుని, డబ్బా తిరిగిచ్చాడు.