వీడ్ మ్యాట్‌కు పిన్నులెన్ని కావాలి? అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల తోటల్లో, ఇళ్ల పెరళ్లలో వీడ్ మ్యాట్, అంటే కలుపు మొలవకుండా నేల మీద వేసే షీట్, పరిచే పని నాది. ఎండాకాలంలో గాలిదుమారం లేచిన మర్నాడు వచ్చే ఫోన్లన్నింటిదీ దాదాపు ఒకటే మాట: "అన్నా, షీట్ లేచిపోయింది." వెళ్లి చూస్తే షీట్ బాగానే ఉంటుంది. దాన్ని నేలకు పట్టి ఉంచే రెండు కాళ్ల U ఆకారపు పిన్నులు తక్కువ పడి ఉంటాయి, లేదంటే సరిపడా కొట్టినా ఉండాల్సిన చోట ఉండవు.

అపోహ: చదరపు మీటరుకు ఇన్ని అని కొంటే సరిపోతుంది.

వాస్తవం: గాలి దూరేది అంచు కింద నుంచి. అందుకే లెక్క అంచు పొడవుతోనే మొదలుపెట్టాలి. నేను పాటించే కొలత ఇది: అంచు వెంట మూరకొకటి, అంటే సుమారు అర మీటరుకు ఒకటి. వెడల్పు షీట్ అయితే నడి మధ్యలో మీటరుకొకటి. రెండు షీట్లు కలిసే చోట అడుగుకొకటి.

2 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న రోల్ తీసుకోండి. పొడుగు అంచులు రెండింటికీ కలిపి 202, మధ్య వరుసకు 49, రెండు కొసలకు 6. మొత్తం 257. ఇప్పుడు 1 మీటరు వెడల్పు, 100 మీటర్ల పొడవున్నది చూడండి. విస్తీర్ణం అదే, 100 చదరపు మీటర్లు. మధ్య వరుస అక్కర్లేకపోయినా అంచులకే 402 పోతాయి. "వంద చదరపు మీటర్లకు ఎన్ని పిన్నులు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు షీట్ వెడల్పు అడిగేది ఇందుకే.

మామిడి, బత్తాయి లాంటి చెట్ల వరుసలైతే ఇంకో లెక్క కలపాలి. మొక్క కోసం షీట్‌ను అడ్డంగా, నిలువుగా కోస్తాం కదా, ఆ నాలుగు రెక్కలకు నాలుగు పిన్నులు. 16 మొక్కలుంటే 64. 257తో కలిపితే 321. వంగేవి, పోయేవి ఉంటాయి కాబట్టి మీద పది శాతం వేసుకుంటే 350 దాటుతుంది. తోట ఊరికి దూరంగా ఉంటే పదిహేను శాతం వేసుకోండి. నాలుగు పిన్నుల కోసం కూలీలను కూర్చోబెట్టి బండేసుకుని టౌన్‌కు పోవడం నష్టం.

అపోహ: పక్కపక్కన పరిచే షీట్లకు దేని లెక్క దానికే.

వాస్తవం: 10 మీటర్ల పొడవున్న ఐదు షీట్లు పక్కపక్కన వేస్తే అంచులు పది కనిపిస్తాయి, కానీ పిన్నుల వరుసలు ఆరే. ఒకదాని మీద ఒకటి ఆరంగుళాలు ఎక్కించి, రెండింటినీ కలిపి ఒకే వరుస కొట్టాలి. ఆ ఎక్కింపు వెడల్పును కొంత తినేస్తుందని మాత్రం మరిచిపోవద్దు. 2 మీటర్ల షీట్లు ఐదు వేస్తే వచ్చేది 10 మీటర్లు కాదు, 9.4.

అపోహ: ఏ నేలకైనా ఆరంగుళాల పిన్ను చాలు.

వాస్తవం: గట్టి చెల్కకు చాలు. దుబ్బ నేలలో అది నిలవదు, ఎనిమిది అంగుళాలకు తగ్గొద్దు. నల్లరేగడిది వేరే కథ. ఎండకు నెర్రెలిచ్చిన రేగడిలో పిన్ను సులువుగా దిగుతుంది, చూసేవాళ్లకు పని చకచకా అవుతున్నట్టుంటుంది. కానీ ఒక కాలు నెర్రెలోకి జారితే దానికి పట్టే ఉండదు. కొట్టాక రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగి చూడండి. కదిలిందా, పక్కకు జరిపి మళ్లీ కొట్టాలి. తొలకరి పడి నేల పదునెక్కాక పరిస్తే ఇంకా మేలు. మొరం ఉన్న చోట పిన్నును నేరుగా సుత్తితో కొడితే వంగిపోతుంది. ముందురోజు సాయంత్రం నీళ్లు పట్టి, సన్నటి ఇనుప సలాకతో బొక్క చేసి దించాలి.

అపోహ: ఎన్ని ఎక్కువ కొడితే అంత గట్టి.

వాస్తవం: ప్రతి పిన్నూ షీట్‌కు రెండు బొక్కలు. తుంగకు ఆ సందు చాలు. అనుమానం తీరాలంటే పిన్నులు పెంచే బదులు చుట్టూ చిన్న కాలువ తీసి అంచును మట్టిలో పూడ్చండి, గాలికి దారే ఉండదు.

అపోహ: మిరప చేనుకు వేసే మల్చింగ్ షీట్‌కూ ఇవే పిన్నులు.

వాస్తవం: అది 25, 30 మైక్రాన్ల పల్చటి ప్లాస్టిక్. పిన్ను పడ్డ చోటి నుంచే చిరుగుతుంది. బోదెకు రెండు పక్కలా అంచు మీద మట్టి ఎగదోస్తే సరిపోతుంది.

అపోహ: డ్రిప్ పైపు షీట్ కిందే ఉంది కదా, ఇక దానికి భయం లేదు.

వాస్తవం: దీంట్లో తప్పు చేసింది నేనే. నర్సంపేట వైపు ఒక తోటలో లాటరల్, అంటే మొక్కల వరుస వెంట పోయే డ్రిప్ పైపు, షీట్ కింద కొంచెం వంకర పోయింది, నేను చూసుకోలేదు, మధ్య వరుస దాని మీదే కొట్టుకుంటూ పోయాను. వారం తర్వాత చివరి మొక్కలు వాడాయి. షీట్ ఎత్తి చూస్తే పైపుకు మూడు చోట్ల తూట్లు, అక్కడ మాత్రం నేలంతా బురద. ఆ రైతు ఏమీ అనలేదు, నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పైపు ముక్కలు, జాయింట్లు నేనే కొని తెచ్చి మర్నాడు బాగుచేశాను. అప్పటి నుంచి పిన్ను పట్టుకునే ముందు షీట్ మీద చేత్తో తడుముతూ, పైపు పోయిన దారంతా సుద్దముక్కతో గీస్తాను. ఆ గీతకు జానెడు ఇవతలే కొడతాను.