సాయంత్రం బడికి వాలంటీరుగా వెళ్తున్నారా? అపోహలు, వాస్తవాలు

జులైలో వాలంటీర్లతో గది నిండిపోతుంది. మొదటి మిడ్స్ అయ్యేసరికి ముగ్గురో నలుగురో మిగులుతారు. మిగతావాళ్లకు పిల్లలంటే ఇష్టం లేక కాదు, లోపలికి అడుగుపెట్టినప్పుడు మనసులో ఉన్న లెక్కే తప్పు. బస్తీ కమ్యూనిటీ హాల్లోనో, ప్రభుత్వ బడి వరండాలోనో సాయంత్రం పూట చదువు చెప్పడానికి వచ్చే కాలేజీ పిల్లల దగ్గర మేం తరచూ వినే మాటలు, వాటి వెనకున్న అసలు సంగతులు ఇవి.

అపోహ: "ఐదో తరగతి పాఠమేగా, బీటెక్ చదివేవాళ్లకి అదేం కష్టం?"

పాఠం తెలియడం కష్టం కాదు. ఐదో తరగతిలో కూర్చున్న పిల్లవాడు రెండో తరగతి కథ చదవలేకపోవచ్చు, చిక్కంతా అక్కడుంది. అలాంటి పిల్లలు ఒక్కో గదిలో చాలామందే ఉంటారు. పైగా దాచుకోవడంలో ఆరితేరి ఉంటారు. అ ఆ ఇ ఈ పాటలా అప్పజెప్పేస్తారు. మధ్యలో "ణ" మీద వేలు పెట్టి అడగండి, మళ్లీ "క" దగ్గర్నుంచి గొణుక్కుంటూ అక్కడిదాకా వస్తారు. అంటే వరస నోటికొచ్చింది, అక్షరం కంటికి రాలేదు.

అందుకని మొదటి వారం పాఠం జోలికి వెళ్లొద్దు. ఒక్కొక్కరినీ విడిగా, మిగతావాళ్లకు వినపడనంత దూరంలో కూర్చోబెట్టి చదివించి చూడండి. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇళ్లకు వెళ్లి చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. ముందు ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా ఇవ్వాలి. మూడు తప్పులకు మించకుండా, పదం పదం విరవకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథకు వెళ్లాలి. పేరా దగ్గరే ఆగిపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. పదాలైనా అక్షరాలైనా ఐదు చదవమనండి, నాలుగు సరిగ్గా వస్తే ఆ మెట్టు ఎక్కినట్టే. పిల్లకు ఐదు నిమిషాలు చాలు.

తరవాత తరగతిని పక్కనపెట్టి, మెట్టును బట్టి గుంపులు కట్టండి. ఒక్కో వాలంటీరుకు ఎనిమిది నుంచి పది మంది. మూడో తరగతి పాప, ఐదో తరగతి బాబు ఒకే గుంపులో పడితే ఆ బాబుకి నామోషీగా ఉంటుంది. గుంపులకు "అక్షరాల గుంపు", "కథల గుంపు" అని కాకుండా పళ్ల పేర్లో పిట్టల పేర్లో పెట్టండి. ఏ పేరుకు ఏది అర్థమో పిల్లలు రెండో రోజుకే కనిపెట్టేస్తారనుకోండి. అయినా పెట్టండి.

అక్షరాల గుంపులో ఎక్కువగా తడబడేది ప–వ, మ–య, ద–ధ–థ దగ్గర. "వ"కు తలకట్టు అంటుకుని ఉంటుంది, "ప"కు విడిగా ఉంటుంది. ఆ ఒక్క తేడా మీద వేలు పెట్టి చూపించి, "వల–పలక", "వడ–పడవ" లాంటి జంటలు ఓ పది చదివిస్తే చాలు. మొత్తం వర్ణమాలను మళ్లీ మొదట్నుంచి దిద్దించక్కర్లేదు.

అపోహ: "హోంవర్క్ చేయిస్తే సరి"

హోంవర్క్ పూర్తవుతుంది, చదువు రాదు. జవాబు బోర్డు మీద రాసి దించుకోమనడమే ఇందులో సులువైన దారి, చాలా చోట్ల జరిగేదీ అదే. నోటుబుక్కు చక్కగా నిండుతుంది. తల్లిదండ్రులకూ సంతోషమే!

తప్పు ఎలా జరిగిందో చూడండి. 52 – 27 ఇస్తే చాలామంది 35 రాస్తారు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి రెండు తీస్తే మూడు. పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యాలని ఎప్పుడో విన్నారు, పట్టుకున్నారు. "తప్పు, మళ్లీ చెయ్" అంటే మళ్లీ 35 వస్తుంది. చీపురు పుల్లలు వేలెడు పొడవున తుంచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, "ఇందులోంచి ఇరవై ఏడు నాకివ్వు" అనండి. విడివి రెండే ఉన్నాయి, ఏడు కావాలి. కాసేపు మీ మొహంలోకి చూస్తారు. చెప్పకండి. ఈ చోటే వాలంటీరు ఉండబట్టలేక తనే కట్ట విప్పేస్తాడు, దాంతో చేసిందంతా వృథా. రబ్బరు బ్యాండు పిల్ల చేతులతోనే ఊడాలి. అప్పుడు విడివి పన్నెండవుతాయి, ఏడు పోగా ఐదు. కట్టలు నాలుగయ్యాయి, రెండు పోగా రెండు. పుల్లలతో ఐదారు లెక్కలయ్యాక, పుల్ల కదిలిన ప్రతిసారీ పక్కన కాగితం మీద అంకె రాయించండి. పుల్లలు లేకుండా చెయ్యడం మూడో నాలుగో రోజుకు వస్తుంది.

అపోహ: "ఇంగ్లిష్ మీడియం పిల్లలతో తెలుగు మాట్లాడకూడదు"

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్‌తో వస్తున్నాయి. ఆ తెలుగు పేజీని వాడుకోండి. ముందు అది చదివించి, విషయం అర్థమయ్యాక ఇంగ్లిష్ పేజీకి వెళ్తే కొత్త మాటలు దేనికి తగులుకోవాలో తెలుస్తుంది. ఇంట్లో లంబాడీ, ఒడియా, ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే వాళ్లకు తెలుగు కూడా రెండో భాషేనని మర్చిపోవద్దు.

అపోహ: "అల్లరి ఆపాలంటే కాస్త గట్టిగా ఉండాలి"

విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మీరు వాలంటీరే అయినా బెత్తం జోలికి పోకండి, గోడకుర్చీ కూడా వద్దు.

అల్లరికి మొదటి కారణం ఆకలి. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర ఒంటిగంటకు అయిపోతుంది, మీరొచ్చేది నాలుగున్నరకు. ఇరవై మందికి 600 గ్రాముల శనగలు రాత్రే నానబెట్టి, ఉప్పేసి ఉడికిస్తే సరిపోతుంది. రెండో కారణం మీ ఆలస్యం. ఎదురుచూసిన పది నిమిషాల్లో గది వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతుంది. గంటన్నరలో పది నిమిషాలు తిండికి, హాజరుకు పోతే ముప్పై ఐదు చదవడానికి, ముప్పై లెక్కలకు, చివరి పదిహేను ఆటకో కథకో. ఆ పదిహేనుకు మాత్రం కోత పెట్టొద్దు, మర్నాడు పిల్లలొచ్చేది దానికోసమే.

అపోహ: "ఖాళీ ఉన్నప్పుడు వెళ్తే చాలు"

వారంలో రెండు రోజులు, అవే రోజులు, అదే సమయం. సెమిస్టర్ తేదీలు చూసుకుని, పరీక్షలు ఒకేసారి రాని ఇద్దరు జంటగా చేరండి. గుంపుకో నోటుబుక్కు పెట్టి, వెళ్లేముందు మూడు లైన్లు రాయండి: ఏం చేశాం, ఎవరు ఎక్కడ ఆగారు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలి. మానేసేటప్పుడు రెండు వారాల ముందు పిల్లలకే చెప్పండి. అక్కయ్యో అన్నయ్యో చెప్పాపెట్టకుండా మాయమవడం వాళ్లకు కొత్త కాదు, అందుకే తరవాత వచ్చేవాళ్లను నమ్మడానికి నెలలు పడుతుంది.

గంటల కోసం వచ్చేవాళ్లనూ మేం చిన్నచూపు చూడం. ఎన్‌ఎస్‌ఎస్‌ (కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం)లో రెండేళ్లకు 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం ఉంటాయి. గంటల కోసమైనా క్రమం తప్పకుండా వచ్చేవాళ్లే, మనసు కదిలినప్పుడు వచ్చేవాళ్లకన్నా పిల్లలకు ఉపయోగం.

అపోహ: "పిల్ల నమ్మి చెప్పింది, ఎవరికీ చెప్పనని మాటిచ్చా"

ఆ మాట ఎప్పుడూ ఇవ్వకండి. ఎవరైనా తనను తప్పుగా తాకారని పిల్ల చెప్తే శాంతంగా వినండి. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు. నీకు సాయం చెయ్యగలవాళ్లకు నేను చెప్పాలి" అనండి. గుచ్చిగుచ్చి అడగొద్దు, ఇంకో వాలంటీరు ముందు మళ్లీ చెప్పించొద్దు. విన్నది విన్నట్టు అదే రోజు రాసిపెట్టి, కేంద్రం బాధ్యులకు చెప్పండి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం (2012) ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాల్సిందే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. బాధ్యులు చూద్దాంలే అన్నా మీ బాధ్యత తీరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

మిమ్మల్నీ పిల్లల్నీ కాపాడే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. తలుపు తీసే ఉంచాలి, గదిలో పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి. బండి మీద ఒక్కరినే ఇంటిదగ్గర దింపడాలు, పిల్లలతో విడిగా వాట్సాప్ చాటింగులు వద్దు. ఫొటోకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. బాలసదనాల్లో అయితే అసలు ఫోన్ బయటికి తియ్యకండి. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ నిషేధిస్తుంది, ఇన్‌స్టా స్టోరీ కూడా అందులోకే వస్తుంది.