ప్లాన్ మార్చుకున్నాక రీఫండ్: అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ల బిల్లింగ్ విభాగంలో పనిచేస్తున్న నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఒకే అపార్థం నుంచి పుడతాయి.

అపోహ: తక్కువ ధర ప్లాన్‌కు మారగానే తేడా సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది.

వాస్తవం: ప్లాన్ మార్చుకోవడం వేరు, రద్దు చేసుకోవడం వేరు. కొన్నిచోట్ల చిన్న ప్లాన్ ప్రస్తుత గడువు ముగిశాకే అమల్లోకి వస్తుంది. ఆపిల్ యాప్ స్టోర్‌లో జరిగేది ఇదే. అప్పటిదాకా పెద్ద ప్లాన్ మీ చేతిలోనే ఉంటుంది కనుక తిరిగి రావలసిన సొమ్మంటూ ఉండదు. మరికొన్నిచోట్ల మార్పు వెంటనే జరిగి, వాడని రోజుల విలువ ఆ కంపెనీ దగ్గరున్న మీ ఖాతాలో క్రెడిట్‌గా నమోదై, తర్వాతి బిల్లులో తగ్గుతుంది. నగదే కావాలనుకునేవారు, మార్పు బటన్ నొక్కకముందే రద్దు నిబంధనలు చదివి, సపోర్ట్ విభాగాన్ని రాతపూర్వకంగా అడగడం మంచిది. క్రెడిట్ ఒకసారి తర్వాతి బిల్లుకు సర్దుబాటైపోయాక దాన్ని వెనక్కి తీయించడం మాకే తలనొప్పి.

అపోహ: నెల మధ్యలో పెద్ద ప్లాన్‌కు మారితే రెండుసార్లు వసూలు చేస్తారు.

వాస్తవం: రోజుల లెక్కన సర్దుబాటు చేసే పద్ధతిలో అలా జరగదు. 30 రోజులకు రూ.900 ప్లాన్ తీసుకున్నవారు 10 రోజుల తర్వాత రూ.1,800 ప్లాన్‌కు మారారనుకుందాం. మిగిలిన 20 రోజులకు పాత ప్లాన్ విలువ రూ.600, కొత్తదాని విలువ రూ.1,200. తేడా రూ.600, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.108 కలిపి రూ.708 కట్టాలి. అయితే కొన్ని కంపెనీలు ముందు పూర్తి ధర వసూలు చేసి, పాత ప్లాన్ సొమ్మును విడిగా తిరిగి పంపుతాయి. ఈ అనుమానానికి మూలం అక్కడే ఉంది.

అపోహ: యాప్ తీసేస్తే, లేదా ఆటోపే ఆపేస్తే రీఫండ్ వస్తుంది.

వాస్తవం: యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఆటోపే ఆపితే ఇకముందు కోతలు ఆగుతాయి తప్ప, కట్టినది తిరిగి రాదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. ఆ సందేశాన్ని చూడకుండా తీసేసేవారే ఎక్కువ.

అపోహ: కట్టిన జీఎస్టీ ఎలాగూ పోయినట్టే.

వాస్తవం: జీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద కంపెనీ క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) జారీ చేసి పన్నునూ తగ్గించవచ్చు. దాన్ని కంపెనీ, సేవ అందించిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోపు, లేదా అంతకుముందే వార్షిక రిటర్ను దాఖలు చేస్తే ఆ తేదీలోపు, తన రిటర్నులో చూపాలి కనుక అడగడంలో ఆలస్యం చేయవద్దు.

అపోహ: రీఫండ్ చేశామని కంపెనీ చెప్పినా డబ్బు కనబడకపోతే అది అబద్ధమే.

వాస్తవం: కార్డుకు చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. అప్పటికీ రాకపోతే కంపెనీని ఏఆర్‌ఎన్ నంబరు (కార్డు రీఫండ్‌ను గుర్తించే సంఖ్య) అడిగి తీసుకోండి. యూపీఐ చెల్లింపైతే ఆర్‌ఆర్‌ఎన్ (ఆ లావాదేవీని గుర్తించే సంఖ్య) అడగండి. ఆ నంబరు చెబితే సొమ్ము ఎక్కడ ఆగిందో మీ బ్యాంకు వెతకగలదు.