హెడ్‌సెట్ చచ్చిపోలేదు, సీల్ ఎండిపోయింది: కొన్ని అపోహలు, వాస్తవాలు

నా వర్క్‌షాపుకు ఈ నెలలో వచ్చిన నాలుగో పైలట్ హెడ్‌సెట్ ఇది. “నాయిస్ క్యాన్సిలింగ్ పోయిందండీ, సర్క్యూట్ కాలినట్టుంది. కొత్తది కొనమంటారా?” అని దిగులుగా నా బల్ల మీద పెట్టారు. నేను స్క్రూడ్రైవర్ తీయలేదు. ఇయర్ సీల్‌ను, అంటే చెవి చుట్టూ ఆనుకునే మెత్తను, వేలితో నొక్కి చూశాను. ఎండకు ఎండిన తోలు చెప్పులా ఉంది.

అపోహ: ఇంజను హోరు మళ్లీ వినిపిస్తోందంటే లోపలి ఎలక్ట్రానిక్స్ పోయినట్టే.

వాస్తవం: నా దగ్గరికి ఈ ఫిర్యాదుతో వచ్చేవాటిలో ఎక్కువ భాగానికి జబ్బు సీల్‌లోనే ఉంటుంది. ఏఎన్ఆర్, అంటే ఈ నాయిస్ క్యాన్సిలింగ్, పని చేసేది ఇంజను, ప్రొపెల్లర్ల మంద్రధ్వని మీద. చెవిని మూసే కప్పు లోపలి మైకు ఆ ధ్వనిని విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకర్‌తో పుట్టిస్తుంది. గాలి ఈల వంటి హెచ్చు ధ్వనులను ఆపేది కప్పూ సీలూ మాత్రమే. సీల్ గట్టిపడి చెంపకు అతుక్కోకపోతే బయటి హోరు ఆ సందులోంచే లోపలికి వస్తుంది, ఎదురు తరంగం కూడా ఆ సందులోంచే జారిపోతుంది. సర్క్యూట్ తంటాలు పడి ఒక్కోసారి టపటపలాడుతుంది. మనం దాన్నే ‘కాలిపోయింది’ అంటాం!

ఒక పెద్దాయన తన హెడ్‌సెట్‌ను రెండుసార్లు కంపెనీకి పంపారు. రెండుసార్లూ ‘లోపం లేదు’ అనే చీటీతో తిరిగివచ్చింది. “విమానంలో ఎలా పెట్టుకుంటారో అలాగే పెట్టుకోండి” అన్నాను. జేబులోంచి లావుపాటి ప్లాస్టిక్ కాడల కళ్లద్దాలు తీశారు. అంతే, సమాధానం దొరికింది. సన్నని తీగ కాడల అద్దాలు, కొత్త సీళ్లు చాలాయి. వెళ్లబోతూ, విమానం దిగాక చెవిలో గుయ్‌మంటోందనీ, వైద్య పరీక్షలో తప్పిస్తారేమోనని ఎవరికీ చెప్పలేదనీ నెమ్మదిగా అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాచుకునే విషయం కాదిది. పనిచోట ఆరోగ్య భద్రతపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండవచ్చు. పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 97 దగ్గర మిగిలేది అరగంటే. వెంటనే చెవి వైద్యుణ్ని కలవమన్నాను.

తరచుగా ఎగిరేవారు ఆరు నెలలకు, తక్కువ ఎగిరేవారు ఏడాదికి సీళ్లు మార్చాలన్నది నా లెక్క. స్పిరిట్‌తో తుడవకండి, గ్లేర్‌షీల్డ్ (కాక్‌పిట్‌లో మీటర్ల పైనుండే అంచు) మీద ఎండలో వదలకండి.

ఇక మిగతావి. టీఎస్ఓ-సీ139 ముద్ర విమాన ఆడియో పరికరాలకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టిన కనీస ప్రమాణానికి గుర్తు, పదేళ్ల ఆయుష్షుకు హామీ కాదు. మన్నిక కావాలంటే సీళ్లు, కేబుల్, మైకు విడిగా దొరికే మోడల్ చూడండి. కేబుల్ సాధారణంగా తెగేది ప్లగ్గు మెడ దగ్గరే. తీగ పట్టుకుని లాగే చేతులను నేను బాగు చేయలేను. హెలికాప్టర్ ప్లగ్గు వేరు, అది చూసుకోకుండా కొనేవారు ఇంకా ఉన్నారు.

ఏఎన్ఆర్ వేసుకుంటే హెచ్చరికలు వినబడవన్న మాటను పూర్తిగా పుకారని కొట్టిపారేయను. 2007లో ఎఫ్‌ఏఏ కూడా ఈ విషయమై జాగ్రత్త చెప్పింది. ఇన్‌స్ట్రక్టర్‌తో తగిన ఎత్తులో స్టాల్ (రెక్కలు విమానాన్ని ఎత్తి పట్టలేని స్థితి) సాధన చేసేటప్పుడు, కొత్త హెడ్‌సెట్‌లో హెచ్చరిక హార్న్ ఎలా వినిపిస్తుందో గమనించండి.

బ్యాటరీ అయిపోతే రేడియో మూగబోతుందా? సాధారణంగా కాదు. మాట్లాడే మైకుకు కరెంటు విమానం ఇంటర్‌కమ్ నుంచే వస్తుంది. పోయేది ఏఎన్ఆర్ ఒక్కటే. నాకిది స్వానుభవం. ఇంతమందికి నీతులు చెప్పే నేనే ఒక చలికాలమంతా రెండు ఆల్కలైన్ సెల్స్ నా హెడ్‌సెట్ బ్యాటరీ పెట్టెలో మరిచిపోయాను. తెరిస్తే స్ప్రింగులకు తెల్లని పొడి, కింద తినేసిన బోర్డు. ఆ హెడ్‌సెట్ ఏఎన్ఆర్ లేకుండానే ఇప్పటికీ మాట్లాడుతుంది. వర్క్‌షాపులో రేడియోలు పరీక్షించడానికి దాన్నే వాడుతున్నాను.