జోడీ అద్దానికి చోటివ్వని చెక్క బద్ద

లండన్‌లో చలి ముదిరి గ్యాస్ బిల్లు పెరిగినప్పుడల్లా ఈ తగువు మళ్లీ రాజుకుంటుంది: జార్జియన్ కాలపు (సుమారు 1714–1830) వరుస ఇళ్లలో పైకీ కిందికీ జరిగే కిటికీలకు జోడీ అద్దాలు (మధ్యలో ఖాళీ వదిలి అంచుల్లో సీలు చేసిన రెండు పలకలు) బిగించుకోనివ్వాలా, వద్దా? 1666 అగ్నిప్రమాదం, ఆపై వచ్చిన ఇటుక ఇళ్ల నిబంధనలు తెలిసిన కథే. కిటికీల మీద పన్ను సంగతీ ఎప్పుడూ వినేదే గానీ, ఈ తగువులో దానికి పెద్ద పాత్ర లేదు. అసలు ముడి వేరే పన్ను దగ్గర పడింది.

1746 నుంచి గాజుపై ఎక్సైజ్ సుంకాన్ని బరువు లెక్కన వసూలు చేశారు. అద్దం పల్చనైతే సుంకం తక్కువ. కరిగిన గాజు ముద్దను ఊది, గిరగిరా తిప్పి పళ్లెంలా విప్పే క్రౌన్ అద్దం ఇందుకు అతికినట్టు సరిపోయింది. నడుమ బొడిపె మిగలడంతో దాన్నుంచి పెద్ద పలకలు రావు. చిన్న పలకలను కలిపేందుకు చెక్క బద్దలు కావాలి. పలకలు తేలిక, ఫ్యాషనేమో నాజూకు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో అంగుళంన్నర ఉన్న బద్ద చివరికి అర అంగుళం పైచిలుకుకు చిక్కిపోయింది.

ఇక 1774 భవనాల చట్టం. కిటికీని గోడ ముఖం నుంచి 4 అంగుళాలు లోపలికి జరపాలని 1709లోనే నిబంధన ఉంది. మంటల భయంతో కొత్త చట్టం కిటికీ బరువును తూచి జరిపే కప్పీలు, తాళ్లు, దిమ్మలు ఉండే పెట్టెను కూడా ఇటుక వెనక దాచమంది. 1775–83 మధ్య కట్టిన బెడ్‌ఫర్డ్ స్క్వేర్ ముందు నిలబడితే చట్రం సన్నటి గీతలా కనిపించేది అందుకే.

ఆ పెట్టె కొలత తేలికపాటి అద్దానికి సరిపడేది. చదరపు మీటరు అద్దం మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. 2 మిల్లీమీటర్ల పాత అద్దమైతే 5 కిలోలు, 4 మిల్లీమీటర్ల అద్దాలు రెండైతే 20. దిమ్మలు పొడవు పెంచితే కిటికీ పూర్తిగా తెరుచుకోకముందే పెట్టె అడుగుకు తగులుతాయి. ఇనుప దిమ్మలు తీసి, అదే పరిమాణంలో ఎక్కువ తూగే సీసం వేస్తే కొంత సర్దుకుంటుంది. పలక కూర్చునే బద్ద గాడి సంగతి అంతకంటే చిక్కు. దాని లోతు 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ; పల్చటి జోడీ అద్దానికి అంచు సీలే దాదాపు అంత ఉంటుంది. కాస్త తేడా వస్తే ఆ సీలు వెండి గీతలా వీధిలోకి మెరుస్తుంది. మామూలు అవిసె నూనె పుట్టీ పెడితే సీలు చెడి లోపల మసక కమ్ముతుంది, ఇక ఆ అద్దం మార్చాల్సిందే. పైన ఆరు, కింద ఆరు పలకలంటే పన్నెండు చిన్న జోడీలు. వేడి ఎక్కువగా జారిపోయేది అంచుల్లోంచే కాబట్టి అద్దాల కంపెనీ చెప్పిన లాభం చేతికి రాదు.

1845లో సుంకం పోగానే విక్టోరియన్లు బద్దలు కోసేసి పెద్ద పలకలు పెట్టుకోలేదా అన్నది యజమానుల వాదన. పెట్టుకున్నారు. బరువుకు కీళ్లు ఊడకుండా చట్రానికి కొమ్ములూ (పక్క కొయ్యల చివర్ల పొడిగింపులు) తగిలించాల్సి వచ్చింది.

2024 జులైలో ఇంగ్లాండ్ వారసత్వ కట్టడాల సంస్థ హిస్టారిక్ ఇంగ్లాండ్ ఇచ్చిన సలహా పత్రం రెండు రకాల కిటికీలను విడదీస్తుంది. పాత కిటికీ మిగిలి ఉంటే దాన్ని బాగుచేసి లోపలివైపు రెండో అద్దం పెట్టడం మేలు. ఇదివరకే మార్చేసిన కిటికీలైతే జోడీ అద్దాలకు వీలుంటుంది. వేడిని బయటికి పోనివ్వని పూత ఉన్న లోపలి అద్దం కిటికీ గుండా వేడి నష్టాన్ని సుమారు 60 శాతం తగ్గిస్తుంది. గోడలో మడతపడి ఉండే చెక్క తలుపులు రాత్రిపూట మూసినా దాదాపు సగం తగ్గుతుంది. చాలా ఇళ్లలో వాటిని రంగుతో అతికించేసి మరిచిపోయారు. ఆ తలుపులు మూసుకునేలా లోపలి అద్దాన్ని కిటికీ చట్రానికి ఆనించి బిగించాలి. గాలి చొరకుండా సీలు వేయాల్సింది లోపలి అద్దానికే. బయటి కిటికీనీ బిగదీస్తే రెండింటి మధ్య తేమ చిక్కుకుని, కింది చట్రం కుళ్లడం మొదలవుతుంది.