పాత వైన్లతో విందు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

స్నేహితులు కొందరు కలిసి, తాము ఏళ్లుగా దాచుకున్న వైన్లను ఒకే విందులో తెరిచి రుచి చూడాలనుకున్నప్పుడు, ఆ సీసాలను సిద్ధం చేసి వడ్డించడం నా వృత్తి. ఇరవై, ముప్పై ఏళ్ల పాటు చీకటిలో, చల్లదనంలో భద్రంగా ఉన్న సీసా విందు రోజున ఒక తప్పుడు నమ్మకం వల్ల వృథా కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అందుకే, నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: వైన్ ఎంత పాతదైతే అంత గొప్పది.

లోకంలో తయారయ్యే వైన్లలో అధిక భాగం అమ్మకానికి వచ్చిన కొద్ది సంవత్సరాలలోనే తాగడానికి ఉద్దేశించినవి; వాటిని దాచిపెడితే ఉన్న తాజాదనం పోతుంది తప్ప కొత్తగా వచ్చేదేమీ ఉండదు. దీర్ఘకాలం నిలవాలంటే వైన్‌లో పులుపు గాని, వగరునిచ్చే టానిన్లు గాని, తీపి గాని తగినంత బలంగా ఉండాలి. ఇటలీ బరోలో, ఫ్రాన్స్ బోర్డో రెడ్ వైన్లు, మంచి రీస్లింగ్ వైట్ వైన్, సోటెర్న్, టోకాయ్, వింటేజ్ పోర్ట్ వంటి తీపి వైన్లు అలాంటివి. బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కొయ్య పీపాలలో ఉంచిన తరువాతే అమ్మాలని ఇటలీ నియమం. అయినా ఆ గడువు ముగిసే నాటికి చాలా బరోలోల వగరు ఇంకా తగ్గి ఉండదు.

పాతబడడమంటే మెరుగుపడడమని కాక, మారడమని అర్థం చేసుకుంటే సగం నిరాశలు తప్పుతాయి. రెడ్ వైన్‌లోని రంగు పదార్థాలు, టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులుగా మారి, కొంత భాగం అడుగుకు చేరుతాయి. అందువల్ల ఊదా ఛాయ పోయి ఇటుక రంగు వస్తుంది, వగరు మెత్తబడుతుంది. వైట్ వైన్ దీనికి భిన్నంగా ముదిరి బంగారు రంగుకు, ఆపైన తేనె రంగుకు తిరుగుతుంది. పండ్ల వాసనలు వెనక్కి తగ్గి, ఎండుటాకులు, పుట్టగొడుగులు, తోలు, పొగాకు వంటి వాసనలు ముందుకు వస్తాయి. పాత రీస్లింగ్‌లో కిరోసిన్‌ను తలపించే వాసన వస్తే కొత్తవారు కంగారుపడతారు గాని, అది టీడీఎన్ అనే సమ్మేళనం వల్ల సహజంగా ఏర్పడేదే. ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు వాన్ జోన్‌లోను, పోర్చుగల్ వైన్ అయిన పాత మదీరాలోను మెంతుల వాసన స్పష్టంగా తెలుస్తుంది. మెంతులకు ఆ వాసననిచ్చే సోటొలాన్ అనే పదార్థమే ఆ వైన్లలోనూ తయారవుతుంది. ఈ వాసనలు నచ్చనివారు ఉంటారు, అది వారి అభిరుచి లోపం కాదు. తాజా పండ్ల రుచిని ఇష్టపడే స్నేహితుడికి పాత వైన్‌ను బలవంతంగా మెచ్చుకోవలసిన అవసరం లేదు.

అపోహ: ఏళ్లు గడిచేకొద్దీ వైన్‌లో మత్తు పెరుగుతుంది.

పెరగదు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడం సీసాలో పోయకముందే ముగుస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం 13 శాతం ఉన్న వైన్‌లో ఇప్పుడూ దాదాపు అంతే ఉంటుంది.

అపోహ: సీసా అడుగున మడ్డి గాని, గాజు ముక్కల వంటి పలుకులు గాని కనిపిస్తే వైన్ చెడిపోయినట్టు.

మడ్డి అంటే పైన చెప్పిన టానిన్లు, రంగు పదార్థాలే. మెరిసే పలుకులు టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి గడ్డకట్టిన స్ఫటికాలు. రెండూ హానికరం కావు. కాకపోతే మడ్డి నోటికి చేదుగా, ఇసుకలా తగులుతుంది. దీనికి విరుగుడు ఓపికే. విందుకు కనీసం ఒక రోజు ముందు సీసాను నిలబెట్టాలి, తెరిచేటప్పుడు కుదపకూడదు, మెడ వెనుక దీపం పెట్టి చూస్తూ, వెడల్పాటి గాజు కూజా అయిన డికాంటర్‌లోకి నెమ్మదిగా ఒకే ధారగా వంచి, మడ్డి మెడ దాకా రాగానే ఆపాలి. సీసాను కారులో ఒడిలో పెట్టుకుని విందు వేళకు తీసుకువచ్చే అతిథులకు నా మనవి ఒక్కటే: వీలైతే రెండు రోజుల ముందే పంపండి.

అపోహ: పాత వైన్‌ను చాలా గంటల ముందే తెరిచి ఉంచాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ముందుగా, కార్క్ తీసి సీసాను అలాగే ఉంచితే గాలి తగిలేది మెడలోని చిన్న వృత్తానికి మాత్రమే. దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. గాలి నిజంగా తగలాలంటే డికాంటర్‌లో పోయాలి. వగరు బలంగా ఉన్న, వయసు తక్కువైన వైన్‌కు అది మేలు చేస్తుంది. కాని నలభై ఏళ్ల వైన్‌లో మిగిలిన సున్నితమైన పరిమళం గంటలోపే ఆవిరై పోవచ్చు, అది మళ్లీ రాదు. కాబట్టి వయసు మళ్లిన వైన్‌ను వడ్డించడానికి కొద్దిసేపటి ముందే తెరిచి, ఒక గుక్క రుచి చూసి, అది ఇంకా బిగుసుకుని ఉంటే డికాంటర్‌లో ఆగనిచ్చి, విచ్చుకుని ఉంటే మడ్డిని వేరు చేసిన వెంటనే గ్లాసులలో పోయడమే నేను పాటించే పద్ధతి.

తెరిచిన క్షణంలో మూసుకుపోయిన గదిలాంటి వాసన వస్తే తొందరపడి పారబోయకండి. చాలాసార్లు అది పావుగంటలో తొలగిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం తొలగదు. అది టీసీఏ అనే పదార్థం కార్క్ ద్వారా వైన్‌లోకి చేరినందువల్ల వస్తుంది. లీటరుకు కొద్ది నానోగ్రాములున్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. ఆరోగ్యానికి హాని లేదు గాని వైన్ పనికిరాదు. ఒకే పెట్టెలోని రెండు సీసాలు కూడా ఒకేలా ఉండవు, ఎందుకంటే ఒక్కొక్క కార్క్ లోపలికి రానిచ్చే గాలి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. అందుకే పాత వైన్ల విందుకు ఒక సీసా అదనంగా సిద్ధం చేసుకోవాలి. పాత కార్క్ పిండిలా రాలుతుంది కనుక మర ఓపెనర్‌కు బదులు, కార్క్‌కు ఇరువైపులా దిగే రెండు రేకుల ఓపెనర్‌ను వాడడం మంచిది.

అపోహ: రెడ్ వైన్‌ను గది వేడిలోనే వడ్డించాలి.

16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ చాలు. అంతకు మించితే ఆల్కహాల్ ఘాటు మిగతా వాసనలను కప్పేస్తుంది. గది వెచ్చగా ఉంటే రెడ్ వైన్‌ను కూడా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టడం తప్పు కాదు.

అపోహ: అన్నిటికన్నా పాత వైన్‌ను చివరకు దాచాలి.

తీపి లేని వైన్ తరువాత తీపి వైన్, తేలికైనదాని తరువాత బరువైనది అనే క్రమం సరైనదే. వయసు విషయంలో మాత్రం నిపుణులలోనే ఏకాభిప్రాయం లేదు. వగరు దట్టంగా ఉన్న కొత్త రెడ్ వైన్లు మూడు నాలుగు తాగాక నాలుక మొద్దుబారుతుందని, అప్పుడు వచ్చే బలహీనమైన పాత వైన్ నీళ్లలా అనిపిస్తుందని నా అనుభవం. అందుకే దాన్ని నాలుక తాజాగా ఉన్నప్పుడే ఇస్తాను. ఒకే వైన్‌ను వేర్వేరు సంవత్సరాలవి వరుసగా చూసే వర్టికల్ టేస్టింగ్‌లో రెండేసి, మూడేసి గ్లాసులు పక్కపక్కన పెడితే తేడాలు మాటల్లో చెప్పకుండానే తెలుస్తాయి. భోజనంలో కారం తక్కువగా ఉండాలి, ఎందుకంటే కారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది. ఉప్పు, కొవ్వు వగరును తగ్గిస్తాయి. అత్తరు పూసుకుని రావద్దని అతిథులకు ముందే చెప్పడం మొహమాటపడవలసిన విషయం కాదు.

అపోహ: లేబుల్ చూసినా అనుభవం ఉన్న నాలుక మోసపోదు.

బోర్డో పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వాసన లేని ఎరుపు రంగు కలిపిన వైట్ వైన్‌ను 54 మంది వైన్ విద్యార్థులకు ఇస్తే, వారు దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. రంగే అంతగా ప్రభావితం చేసినప్పుడు, పేరున్న లేబుల్, ద్రాక్ష పండిన సంవత్సరం ఎంత చేస్తాయో ఊహించవచ్చు. సీసాలకు గుడ్డ చుట్టి వడ్డించి, అభిప్రాయాలు చెప్పుకున్న తరువాతే విప్పడం వల్ల మాటలు నిజాయితీగా సాగుతాయి, కొత్తవారు కూడా ధైర్యంగా నోరు విప్పుతారు.

అపోహ: గ్లాసు గోడల మీద జారే ధారలు నాణ్యతకు గుర్తు.

అవి ఆల్కహాల్ ఆవిరయ్యే వేగం, తలతన్యతల తేడా వల్ల ఏర్పడతాయి. నాణ్యతతో సంబంధం లేదు.

అపోహ: స్నేహితుల విందులో వైన్ ఉమ్మివేయడం అమర్యాద.

లెక్క చూడండి. 750 మిల్లీలీటర్ల సీసాలు ఆరింటిని ఎనిమిది మంది ఖాళీ చేస్తే తలకు దాదాపు 560 మిల్లీలీటర్లు, అంటే 13 శాతం లెక్కన సుమారు 58 గ్రాముల ఆల్కహాల్ లోపలికి వెళుతుంది. మూడో సీసా తరువాత ఎవరికీ సూక్ష్మమైన తేడాలు తెలియవు. ఒక్కో వైన్‌ను 50 మిల్లీలీటర్లకు పరిమితం చేసి, ప్రతి ఒక్కరి దగ్గర ఉమ్మి పాత్ర, మంచినీళ్లు ఉంచితే చివరి సీసాకు కూడా న్యాయం జరుగుతుంది. పాత రెడ్ వైన్ గుండెకు మందు అనే మాటను నేను బల్ల దగ్గర ఖండిస్తూనే ఉంటాను. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మద్యం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. వాహనం నడిపేవారు రుచి చూసి ఉమ్మివేసినా కొంత ఆల్కహాల్ ఒంట్లోకి చేరుతుంది కనుక, వారికి వేరే ఏర్పాటు చేయాలి.

అపోహ: మిగిలిన పాత వైన్‌ను కార్క్ పెట్టి ఉంచితే మరుసటి రోజు కూడా బాగుంటుంది.

మదీరా విషయంలో ఇది నిజం. తయారీలోనే వేడిని, గాలిని చవిచూసిన వైన్ కనుక, తెరిచాక నెలల తరబడి నిలుస్తుంది. పాత రెడ్, వైట్ వైన్లు అలా నిలవవు. అయినా గ్లాసులో కొంచెం మిగిల్చి, భోజనం ముగిసేదాకా మధ్యమధ్యలో వాసన చూడమని నేను అందరికీ చెబుతాను; పోసినప్పుడు మూగగా ఉన్న కొన్ని సీసాలు గంట తరువాత తమ పరిమళాన్ని పూర్తిగా విప్పుతాయి, ఖాళీ గ్లాసు పట్టుకున్నవారికి అది అందదు.