ఆంగ్ల పదాల సిలబుల్ విభజన: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల్లో చాలామంది పొడవైన పదం ఎదురైతే మొదటి భాగం చదివి, మిగిలినదాన్ని ఊహతో పూర్తి చేస్తారు. పదాన్ని సిలబుల్స్‌గా, అంటే ఒక్కో అచ్చు ధ్వనితో ఒక్క ఊపులో పలికే భాగాలుగా విడదీసి చదివించడం దీనికి మంచి విరుగుడే. అయితే ఆ విభజన గురించి పిల్లల్లోనే కాక బోధించేవారిలోనూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: ఎన్ని అచ్చులు కనిపిస్తే అన్ని సిలబుల్స్.

వాస్తవం: లెక్కకు వచ్చేది చెవికి వినిపించే అచ్చు ధ్వని మాత్రమే. 'బ్యూటిఫుల్' స్పెల్లింగులో అచ్చులు అయిదు, సిలబుల్స్ మూడు. 'రిథమ్' స్పెల్లింగులో ఎ, ఇ, ఐ, ఓ, యు లలో ఒక్కటీ లేకున్నా పలుకులో సిలబుల్స్ రెండు. భూతకాల క్రియల చివర వచ్చే 'ఇడి' (ed) దగ్గర మన పిల్లలు ఎక్కువగా తడబడతారు. మూల క్రియ 'ట' లేదా 'డ' ధ్వనితో ముగిసినప్పుడే అది కొత్త సిలబుల్ అవుతుంది కనుక 'వాంటెడ్' రెండు సిలబుల్స్, 'వాక్ట్' ఒక్కటే. దాన్ని 'వాకెడ్' అని చదవడం పొరపాటు.

అపోహ: తెలుగులో రాసుకుని అక్షరాలు లెక్కపెడితే సరిపోతుంది.

వాస్తవం: తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కావడం వల్ల హల్లుతో ముగిసే చాలా మాటలకు మనం ఒక ఉకారం తగిలిస్తాము. ఒకే సిలబుల్ ఉన్న 'బస్' మన నోట 'బస్సు'గా రెండవుతుంది. 'స్కూల్' ఏకంగా 'ఇస్కూలు'గా మూడవుతుంది. చిత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లల్లోనూ ఇదే అలవాటు కనిపిస్తుంది. అంతమాత్రాన తెలుగు అడ్డంకి అనుకోనక్కరలేదు. 'పద్మ'ను ప, ద్మ అని రాసినా పలికేటప్పుడు దకారం ముందు అక్షరానికి ఆనుకుంటుంది. అందుకే ఛందస్సులో ఆ 'ప' గురువు. గణవిభజన చేసిన విద్యార్థికి 'నాప్కిన్' అనే మాట 'నాప్', 'కిన్' అని ఎందుకు విడిపోతుందో వేరే వివరించవలసిన పని ఉండదు.

అపోహ: రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే దానికి ముందే విడదీయాలి.

వాస్తవం: 'టైగర్', 'పేపర్' ఈ సూత్రానికి లొంగుతాయి, 'లెమన్' లొంగదు. మొదటి అచ్చును దీర్ఘంగా పలికి చూసి, తెలిసిన మాట తగలకపోతే హ్రస్వంగా పలకమనడమే నేను చెప్పే పద్ధతి. నిఘంటువుల్లో ప్రధాన పదం మధ్య కనిపించే చుక్కలను ఇక్కడ ప్రమాణంగా తీసుకోకూడదు. అవి ప్రధానంగా పంక్తి చివర పదాన్ని ఎక్కడ విరవవచ్చో తెలిపే గుర్తులు.

అపోహ: విడదీయడం వస్తే ఉచ్చారణ వచ్చినట్లే.

వాస్తవం: 'తిరుపతి'లోని నాలుగు అక్షరాలనూ మనం ఇంచుమించు సమానంగా పలుకుతాము. ఆంగ్లంలో ఒక సిలబుల్‌పై ఊనిక (స్ట్రెస్) పడి, మిగిలినవాటిలో చాలా వరకు బలహీనమవుతాయి. ఆ ఊనిక 'ఫొటోగ్రాఫ్'లో మొదటి సిలబుల్‌పైన, 'ఫొటోగ్రాఫర్'లో రెండవదానిపైన, 'ఫొటోగ్రాఫిక్'లో మూడవదానిపైన ఉంటుంది. చప్పట్లతో లెక్కించే అభ్యాసం లెక్కకు మంచిదే గాని ప్రతి సిలబుల్‌కూ సమాన బలం ఇస్తుంది. కాబట్టి లెక్క కుదిరాక ఊనిక ఉన్నచోట మాత్రమే గట్టిగా చప్పట్లు కొట్టించి, పదాన్ని కలిపి పలికించాలి. ఊనిక ఎక్కడో సందేహం వస్తే, నిఘంటువులో ఉచ్చారణ ఇచ్చినచోట సాధారణంగా ఆ సిలబుల్‌కు ముందు, పైభాగాన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది.